యాక్షన్ వీడియో గేమ్‌లలో వీరరసం: గుణదోష విచారణ
('షాడో ఆఫ్ ది కొలోసస్' ప్రధానాధారంగా)

వ్యాస సంగ్రహం: యాక్షన్ వీడియో గేమ్‌ను అందులోని కథనుబట్టి గానీ, హింసనుబట్టి గానీ తూచడం పరిపాటి అయింది. ఈ రెండు తూనికలూ చాలవనీ, ఆట మన చేత చేయించే పనిలోనే దాని గుణదోషాలను వెదకాలనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఇందుకు భారతీయ కావ్యశాస్త్రంలోని కొన్ని భావనలు ఎంతవరకు పనికివస్తాయో, ఎక్కడ తడబడతాయో పరిశీలిస్తుంది.

కీలక పదాలు: వీడియో గేమ్, వీరరసం, ఉత్సాహం, రసవిఘ్నం, ఔచిత్యం, పాఠాంతరం.

1. రెండు తూనికలు

తెలుగు ఇళ్లలో 'గేమ్' అన్న మాట చాలాకాలంగా ఫిర్యాదు స్వరంలోనే వినిపిస్తోంది. 2020 సెప్టెంబరులో భారత ప్రభుత్వం పబ్‌జీని నిషేధించినప్పుడు ఊపిరి పీల్చుకొన్న తల్లిదండ్రులు తక్కువేమీ కాదు. ప్రభుత్వం చూపిన కారణం దేశభద్రత, సమాచార గోప్యత. మన ఇళ్లలో చర్చ మాత్రం పిల్లల చదువుల చుట్టూ తిరిగింది. నిషేధించిన ఆట బాగున్నదా, బాగులేదా, ఉంటే ఏ విషయంలో బాగున్నది అన్న ప్రశ్న ఆ చర్చలో ఎక్కడా తలెత్తలేదు. తలెత్తవలసిన అవసరం ఉన్నదని కూడా ఎవరికీ తోచలేదు.

ఈ ఆటల వలన కీడు ఎంత, మేలు ఎంత అన్న విచారణ ప్రపంచమంతటా సాగుతూనే ఉంది. యాక్షన్ ఆటలు ఆడేవారిలో దృశ్యావధానం మెరుగుపడుతుందని 2003లో గ్రీన్, బావెలియర్ 'నేచర్' పత్రికలో ప్రకటించారు. ఆట అదుపు తప్పి వ్యసనమైన స్థితిని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో వ్యాధుల వర్గీకరణలో చేర్చింది. పుస్తకాలకూ నాటకాలకూ ఉన్న వాక్స్వాతంత్ర్య రక్షణ వీడియో గేమ్‌లకు కూడా వర్తిస్తుందని 2011లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఇవన్నీ అవసరమైనవే. అయితే ఇవి వైద్యుడి ప్రశ్నలు, న్యాయమూర్తి ప్రశ్నలు. నవల చదివితే కళ్లు చెడతాయా అన్నదానికి సమాధానం దొరికినంత మాత్రాన ఆ నవల మంచిదో కాదో తేలదు.

రెండో తూనిక కథ. సినిమా విమర్శ అలవాటైన చేతులతో ఆటను పట్టుకొన్నవారు ముందుగా కథాసంగ్రహం రాస్తారు, పాత్రచిత్రణ చూస్తారు, చివరకు 'కథ పలుచన' అని తీర్పు చెబుతారు. యాక్షన్ ఆటల కథలు చాలావరకు పలుచనివే. కాని అది లోపమా? బుర్రకథ వినడానికి వచ్చినవారికి బొబ్బిలి కథ తెలియక కాదు కదా. తెలిసిన కథే ఎందుకు కావాలంటే, కథ అక్కడ దండెం మాత్రమే. దాని మీద ఆరవేసినది వేరే ఉంది.

అసలు కథే లేని ఉదాహరణ ఒకటి చూద్దాం. 1978లో తోమోహిరో నిషికాడో రూపొందించిన 'స్పేస్ ఇన్వేడర్స్'లో వరుసలు కట్టిన శత్రువులు పైనుంచి మెల్లగా కిందికి దిగుతుంటారు. ఆటగాడు ఒక్కొక్కరినీ కూలుస్తున్నకొద్దీ మిగిలినవారి వేగం పెరుగుతుంది. నిజానికి ఇది యంత్రం పరిమితి నుంచి పుట్టిన లక్షణం: తెరమీద గీయవలసిన బొమ్మలు తగ్గేకొద్దీ ఆ నాటి ప్రాసెసర్ మిగిలినవాటిని త్వరగా కదిలించగలిగేది. నిషికాడో దానిని దిద్దకుండా ఆటలో భాగంగా ఉంచాడు. నాలుగు స్వరాల ధ్వని ఆ వేగంతో పాటే బిగుస్తుంది. గెలుపు దగ్గరపడిన కొద్దీ ప్రమాదం ముదరడం, ఒక్క మాట కూడా లేకుండా, ఆటగాడి వేళ్లకు అందుతుంది. మన పరిభాషలో చెప్పాలంటే ఇది ఉద్దీపన విభావం. దీనిని కథాసంగ్రహంలో పట్టుకోలేము.

2. నటుడూ తానే, సామాజికుడూ తానే

యాక్షన్ ఆటకు వీరరసాన్ని అన్వయించడం సులువుగా తోస్తుంది. యుద్ధం ఉంది, ప్రతినాయకుడు ఉన్నాడు, ఆయుధాలు ఉన్నాయి. కాని అడుగు వేయగానే చిక్కు ఎదురవుతుంది. రంగస్థలం మీద నటుడు వేరు, చూసే సామాజికుడు వేరు. రసం సామాజికుడిది. ఆటలో ఈ ఇద్దరూ ఒకే మనిషి. ఖడ్గం ఝళిపించేదీ అతడే, చూసేదీ అతడే, ఓడితే చిరాకుపడేదీ అతడే. అటువంటప్పుడు అతడిలో కలిగే ఉత్సాహం సాధారణీకరణం పొందిన స్థాయిభావమా, లేక పందెంలో దిగినవాడి లౌకికమైన ఉద్వేగమా?

అభినవగుప్తుడు పేర్కొన్న ఏడు రసవిఘ్నాలలో ఒకటి, సామాజికుడు తన సొంత సుఖదుఃఖాలకు వశుడై పోవడం. ఇంట్లో అప్పులవాడు కూర్చుని ఉన్నాడన్న బెంగతో నాటకానికి వచ్చినవాడికి రసం అందదు. యాక్షన్ ఆటను ఈ దృష్టితో చూస్తే, అది ఆ విఘ్నాన్నే పునాదిగా చేసుకొన్న కళారూపంగా కనిపిస్తుంది. 'నేను గెలవాలి' అన్న కోరిక లేకపోతే ఆట ముందుకు జరగదు. ఆ కోరిక ఉన్నంతసేపూ రసాస్వాదన జరగదు. ఈ ముడిని ఏ ఆట ఎలా విప్పింది, లేదా విప్పలేక ఎక్కడ చేతులెత్తేసింది అన్నదే దాని గుణదోషాలకు గీటురాయి అని నా ప్రతిపాదన.

ఇంకొక భేదం కూడా గుర్తుంచుకోవాలి. వీరానికి స్థాయి ఉత్సాహం, రౌద్రానికి క్రోధం. భరతుడు వీరానికి చెప్పిన విభావాలలో అసమ్మోహం, అధ్యవసాయం, నయం వంటివి ఉన్నాయి. అంటే వీరుడు తెలిసి, నిలకడగా చేసేవాడు. ఆటల విమర్శలో ఈ రెండింటినీ 'హింస' అన్న ఒకే మూటలో కట్టడం వలన చాలా అన్యాయం జరిగింది. 'డెవిల్ మే క్రై' వరుస ఆటలలో ఆటగాడి పోరాటానికి ఆట అక్కడికక్కడే శ్రేణి ఇస్తుంది. ఒకే దెబ్బను పదేపదే కొడితే శ్రేణి పడిపోతుంది. వైవిధ్యం చూపితే పెరుగుతుంది. పునరుక్తిని దోషంగా లెక్కించే ఈ ఆటను ఆలంకారికులు చూసి ఉంటే చిరునవ్వు నవ్వేవారేమో. అక్కడ గెలవడం కంటే ఎలా గెలిచాడన్నది ముఖ్యం. శత్రువు నెపం మాత్రమే.

దీనికి భిన్నంగా 2005 నాటి 'గాడ్ ఆఫ్ వార్'లో ప్రతి పెద్ద శత్రువు చివరి ఘట్టంలో తెరమీద ఒక బటన్ గుర్తు కనిపిస్తుంది. దానిని సకాలంలో నొక్కితే క్రేటోస్ ఆ శత్రువును చీల్చివేస్తాడు. తెరమీద జరిగే భీభత్సానికీ ఆటగాడి వేలు చేసిన చిన్న పనికీ పొంతన లేదు. అనుభావం అరువు తెచ్చుకొన్నది. అదే ఆటలో ఒక బోనులో ఉన్న సైనికుడిని, అతడు బతిమాలుతుండగా, వాలు మీదుగా పైకి నెట్టుకుపోయి నిప్పులకు అర్పిస్తే తప్ప దారి తెరుచుకోదు. ఇక్కడ మాత్రం నెట్టడం ఆటగాడి పనే; బరువు తెలుస్తుంది, సమయం పడుతుంది, మధ్యలో శత్రువులు అడ్డు వస్తారు. ఒకే ఆటలోని ఈ రెండు ఘట్టాలకు ఇంత తేడా ఉండడం గమనార్హం. క్రౌర్యం రెండింటిలోనూ ఉంది. మొదటిది చూసి మరచిపోతాము. రెండోది చేసి మరచిపోలేము.

3. పదహారు వధలు

ఫుమితో ఉయెదా దర్శకత్వంలో 2005లో ప్లేస్టేషన్ 2 యంత్రం కోసం వెలువడిన జపనీయ క్రీడ 'షాడో ఆఫ్ ది కొలోసస్'. వాండర్ అనే యువకుడు చనిపోయిన ఒక అమ్మాయిని గుర్రం మీద నిషిద్ధ భూమికి తీసుకొస్తాడు. అక్కడి ఆలయంలో డోర్మిన్ అనే అశరీరవాణి, ఆ నేలమీద తిరిగే పదహారుగురు మహాకాయులను చంపితే ఆమె తిరిగి బతకవచ్చునని చెబుతుంది. కథ ఇంతే. చిల్లర శత్రువులు లేరు. ఇళ్లు లేవు, ఊళ్లు లేవు, మాట్లాడేవారు లేరు. విశాలమైన మైదానం, గాలి, ఆగ్రో అనే ఆ గుర్రం.

వందలమందిని కూల్చడం అలవాటైన రూపంలో పదహారు వధలు మాత్రమే ఉండడం మొదటి విశేషం. సంఖ్య తగ్గగానే ఒక్కొక్క వధకూ ముఖం వచ్చింది. కత్తిని ఎండలోకి ఎత్తితే ఆ కాంతి మహాకాయుడు ఉన్న దిక్కును చూపుతుంది. ఆ దిక్కుగా చాలాసేపు స్వారీ చేయాలి. దారిలో సంగీతం ఉండదు. గిట్టల చప్పుడు, గాలి. మహాకాయుడు ఎదురైన తరువాతే కౌ ఒతాని సంగీతం మొదలవుతుంది. ఆటగాడు అతడి మీదికి ఎక్కగలిగినప్పుడు అది జయధ్వానంగా మారుతుంది. చంపిన మరుక్షణం అది శోకగీతమవుతుంది. ఆటగాడు కోరుకొన్న గెలుపు వచ్చింది. వాద్యాలు మాత్రం గెలుపును అంగీకరించవు.

ఈ ఆటలోని అసలు కల్పన పట్టు. మహాకాయుడి ఒంటిమీది జూలును పట్టుకొని ఎక్కడానికి ఒక బటన్‌ను చూపుడువేలితో నొక్కి ఉంచాలి. వేలు వదిలితే వాండర్ జారిపోతాడు. తెర మూలన ఒక వలయం కుంచించుకుపోతూ అతడి సత్తువ ఎంత మిగిలిందో చెబుతుంది. మహాకాయుడు ఒళ్లు విదిలిస్తే వాండర్ గుడ్డపీలికలా కొట్టుకుంటాడు. అప్పుడు పొడవడానికి వీలుపడదు, పట్టుకొని ఉండడమే పని. చాలామంది ఆటగాళ్లు అవసరానికి మించిన బలంతో ఆ బటన్‌ను అదుముతారు. అరచేతికి చెమట పడుతుంది. సాత్త్విక భావాలలో లెక్కించిన స్వేదమూ వేపథువూ ఇక్కడ నటుడి అభినయాలు కావు. ఆటగాడి ఒంట్లో పుట్టినవి. లౌకికమైన ఆ శ్రమ పాత్ర శ్రమతో ఏకమయ్యే చోట పైన చెప్పిన విఘ్నం కొంత సడలుతుందని నా అభిప్రాయం. 'నేను పడిపోతాను' అన్న భయమూ 'వాండర్ పడిపోతాడు' అన్న భయమూ వేరుగా ఉండవు.

అయిదవ మహాకాయుడు ఒక మహాపక్షి. అది తన చోట తాను ఉంటుంది. దానిని చేరాలంటే ముందు బాణం వేసి రెచ్చగొట్టాలి. అది మన మీదికి దూసుకొచ్చినప్పుడు రెక్కకు వేలాడాలి. క్రౌంచవధను వాల్మీకి పక్కన నిలబడి చూడడం అలవాటైన మనకు, ఈ ఆట నిషాదుడి చోటు ఇస్తుంది. పదమూడవ మహాకాయుడు మరీ విచిత్రం. ఎడారి ఆకాశంలో నెమ్మదిగా ఈదే ఆ సుదీర్ఘ సర్పాకృతి ఆటగాడి మీద ఒక్కసారి కూడా దాడి చేయదు. ఆట మొత్తంలో అత్యంత సుందరమైన పోరాటం ఇదేనని నేను అనుకొంటాను, కాని దానిని పోరాటం అనడానికి నోరు రాదు. గాలిసంచులను బాణాలతో కొట్టి కిందికి దించి, గుర్రం మీద వెంబడించి, రెక్కను అందుకొని, ఎదురు తిరగనిదాన్ని చంపాలి. తిక్కన సౌప్తికపర్వంలో నిద్రపోతున్నవారి మధ్యకు వెళ్లిన అశ్వత్థామ గుర్తుకు వస్తాడు. ఆలంబనం ఎదిరించనప్పుడు ఉత్సాహం వీరంగా నిలవదు. ఆటగాడి వేళ్లలో మాత్రం ఉత్సాహం ఉంటుంది. అది నిలవడానికి చోటు లేక కరుణలోకి దిగుతుంది. ఈ దిగడం ఆటలోనే జరుగుతుంది, మధ్యలో చూపే దృశ్యంలో కాదు.

ప్రతి వధ తరువాతా నల్లని తంతువులు మహాకాయుడి కళేబరం నుంచి వచ్చి వాండర్‌లోకి దూరుతాయి. అతడు సొమ్మసిల్లి ఆలయంలో మేల్కొంటాడు. చుట్టూ నిలబడిన నీడలు వధకొకటి చొప్పున పెరుగుతుంటాయి. అతడి ముఖం పాలిపోతుంది, దుస్తులు మాసిపోతాయి. ఎవరూ అతడితో 'తప్పు చేస్తున్నావు' అనరు. ముగింపులో డోర్మిన్ అతడిని ఆవహించిన తరువాత, మాంత్రిక జలాశయం అతడిని లాక్కుంటున్నప్పుడు ఆట మళ్లీ అధికారాన్ని ఆటగాడికే ఇస్తుంది. అదే చూపుడువేలు, అదే పట్టు. మెట్లు పట్టుకొని కొంతసేపు నిలబడవచ్చు. ఎంతసేపు నిలబడినా లాభం లేదు. పదహారుసార్లు గెలిపించిన బటన్ పదిహేడవసారి గెలిపించదని తెలియడానికి ఒక్కొక్క ఆటగాడికి ఒక్కొక్క వ్యవధి పడుతుంది. ఇది ఏ నాటకమూ, ఏ చలనచిత్రమూ చేయలేని పని.

4. దోషాలు, దోషాలనిపించేవి

అభిమానుల విమర్శలో ఈ ఆటకు దోషాలే లేవన్న ధోరణి బలంగా ఉంది. దానితో ఏకీభవించలేను. పదకొండవ, పద్నాలుగవ మహాకాయులు పరిమాణంలో చిన్నవి, స్వభావంలో దూకుడైనవి. అవి ఆటగాడిని పడగొట్టి, లేచేలోపు మళ్లీ పడగొడతాయి. అక్కడ కలిగేది ఉత్సాహమూ కాదు, కరుణా కాదు, ఒట్టి విసుగు. ఆట తాను కట్టిన భావాన్ని తానే కూల్చుకొన్న ఘట్టాలివి. మామూలు యాక్షన్ ఆటలో అయితే ఇవి గమనించదగ్గ లోపాలు కావు. ఇక్కడ అంగిరసానికి అడ్డుపడినవి కాబట్టి దోషాలు. అనౌచిత్యమే రసభంగ కారణమన్న ఆనందవర్ధనుడి సూత్రం ఇంత చక్కగా అన్వయించే చోటు అరుదు.

ఇంతకంటే పెద్ద దోషం ఆట ముగిసిన తరువాత బయటపడుతుంది. ఒకసారి పూర్తిచేసినవారికి గడియారంతో పోటీపడి మహాకాయులను మళ్లీ చంపే అవకాశాన్ని ఆట ఇస్తుంది. నిర్ణీత సమయంలోగా చంపితే కొత్త ఆయుధాలూ వస్తువులూ బహుమానం. ఏ వధ చేసినందుకు మనసు కుంగిందో ఆ వధనే నిమిషాలలో, సెకనులలో కొలవడం! ఆటను ఎక్కువకాలం ఆడించాలన్న వ్యాపార సంప్రదాయానికి కవి తలవంచిన చోటు ఇది. ఇది అనుబంధమే, మూలకావ్యంలో భాగం కాదు అని వాదించవచ్చు. నేను ఆ వాదనకు ఒప్పుకోను. ఉత్తరకాండ ఉందని తెలిసిన పాఠకుడు యుద్ధకాండను తెలియనట్టు చదవలేడు.

మరొక ఆక్షేపణ: వేరే దారి ఇవ్వకుండా చంపించి, ఆపైన చంపినందుకు నొచ్చుకొమ్మనడం న్యాయమా? ఆపేసే స్వేచ్ఛ ఉంది కదా అన్నది దీనికి బలహీనమైన జవాబు; పుస్తకం మూసేయడం పాఠకుడి నైతిక నిర్ణయం అనడం వంటిది. ఈ ఆట నేరం మోపడం లేదని నా పఠనం. మోపి ఉంటే ఆక్షేపణ నిలిచేది. అది శోకాన్ని మాత్రమే మిగుల్చుతుంది.

వాండర్ తడబడుతూ పరుగెత్తుతాడు, కత్తిని బరువుగా తిప్పుతాడు, గుర్రం చెప్పిన మాట వెంటనే వినదు. ఇవి లోపాలని విడుదలైన నాడే కొందరు రాశారు. వాండర్ యోధుడు కాడన్నది గుర్తుంటే ఈ తడబాటు పాత్రౌచిత్యమే. కాని తెరమీది కదలిక తరచూ మందగించడం మాత్రం యంత్రం తాళలేకపోవడం వలన వచ్చినది. బ్లూపాయింట్ సంస్థ 2018లో ప్లేస్టేషన్ 4 కోసం ఈ ఆటను కొత్తగా చిత్రించి వెలువరించినప్పుడు ఆ మందగింపు పోయింది. మహాకాయులు హాయిగా కదిలారు. మొదటి ప్రతిని ఎరిగినవారిలో కొందరికి మాత్రం బరువు తగ్గినట్టు తోచింది, నాకూ తోచింది. తాళపత్రంలో లేఖకుడి చేతిపొరపాటు వలన వచ్చిన పాఠం కొన్నిసార్లు కవి పాఠం కంటే అందంగా ఉంటుంది. పరిష్కర్త దానిని మూలంలో ఉంచాలా, అధోజ్ఞాపికలోకి దించాలా? ప్రాచీన కావ్యాల పాఠాంతరాలతో తలపడిన మన శాఖలకు ఈ ప్రశ్న కొత్తది కాదు. ఇరవై ఏళ్ల వయసైనా నిండకముందే ఈ కృతికి అది ఎదురవడమే ఆశ్చర్యం.

5. ఓటమి, విన్యాసం

2019లో హిదెతాకా మియజాకి దర్శకత్వంలో వచ్చిన 'సెకిరో: షాడోస్ డై ట్వైస్' లౌకిక ఉద్వేగాన్ని మరో దారిలో నడిపిస్తుంది. ఇందులో శత్రువు ప్రాణం కంటే అతడి నిలకడను దెబ్బతీయడం ముఖ్యం. వచ్చే ప్రతి కత్తివేటునూ సరిగ్గా ఆ క్షణంలో అడ్డుకొంటే శత్రువు నిలకడ సడలుతుంది. ఆటగాడు ముప్పైసార్లు చస్తాడు; ముప్పైఒకటోసారి చెవి ముందే చెబుతుంది, దెబ్బ ఎప్పుడు పడుతుందో. మృదంగ పాఠంలో జతులు చేతికి పట్టినట్టు. అధ్యవసాయం వీరానికి విభావమన్నది ఇక్కడ శాస్త్రవాక్యంగా కాక అనుభవంగా తెలుస్తుంది. పైగా కథానాయకుడు పదేపదే చచ్చి లేస్తే చుట్టుపక్కల మనుషులకు దగ్గుతెగులు సోకుతుంది. మన ఓటమికి ఇతరులు రోగపడడం గొప్ప ఊహే. తీరా ఆ రోగం ఒక మందుచుక్కతో అందరికీ ఒకేసారి నయమవుతుంది. గొప్ప ఊహ లెక్కల పుస్తకంలో పద్దుగా మిగిలింది.

ఈ ఆటను నేను పూర్తిచేయలేకపోయాను. చివరి ప్రత్యర్థి దగ్గర ఆగిపోయాను. ఇది చెప్పుకోవడం సిగ్గుపడవలసిన విషయం కాదు, దాచవలసినదీ కాదు. కావ్యం చివరి ఆశ్వాసం చదవని విమర్శకుడి మాటకు విలువ ఉండదు. ఆటలో చివరి ఆశ్వాసం చేరడానికి చదువు ఒక్కటే చాలదు, చేతివాటం కావాలి. సహృదయత్వానికి హస్తలాఘవం కూడా ఒక అర్హత అయితే, వయసు మళ్లినవారూ చేతులు స్వాధీనంలో లేనివారూ ఈ రసానికి బయటివారే అవుతారు. కష్టమే ఇందులో అర్థం కాబట్టి తగ్గించరాదని ఒక పక్షం. నేను ఆ పక్షాన్ని అర్థం చేసుకోగలను, పూర్తిగా సమర్థించలేను.

పుణెలోని నోడింగ్ హెడ్స్ గేమ్స్ సంస్థ 2020లో వెలువరించిన 'రాజీ: యాన్ ఏన్షియంట్ ఎపిక్' మన పురాణ సామగ్రితో చేసిన యాక్షన్ ఆట కాబట్టి ఇక్కడ ప్రస్తావన అవసరం. రాజీ సర్కస్ పిల్ల. రాక్షసులు ఎత్తుకుపోయిన తమ్ముడు గోలూ కోసం వెదుకుతుంది. దుర్గ, విష్ణువు ఆమెను పైనుంచి గమనిస్తూ తమలో తాము మాట్లాడుకొంటారు, అదే కథనం. కొన్ని దృశ్యాలను తోలుబొమ్మలాట తరహాలో నీడబొమ్మలుగా నడిపారు. రాజస్థానీ వాస్తురీతి ఛాయలున్న కోటలు కంటికి నిండుగా ఉంటాయి. వీటిని మెచ్చుకొన్నవారు చాలామంది ఉన్నారు. నేను మెచ్చేది వేరొకటి: రాజీ స్తంభాల చుట్టూ తిరిగి, గోడమీదికి ఎగబాకి గెంతుతూ త్రిశూలాన్ని విసరడం. సర్కస్ పిల్ల యుద్ధం చేస్తే అలాగే చేస్తుంది. పాత్ర ఎవరో ఆమె దేహమే చెబుతున్నప్పుడు దేవతల సంభాషణ అంత అవసరం లేదు, కొన్నిచోట్ల అది మితిమీరింది కూడా.

అయితే త్రిశూలం తగిలినప్పుడు తగిలిన బరువు చేతికి అందదు. శత్రువులు కొద్దిపాటి మార్పులతో మళ్లీ మళ్లీ వస్తారు, పునరుక్తి. పురాణ పరిచయం ఉన్న మనం ఈ ఆట పట్ల చూపే ఆదరంలో సగం సామగ్రి మీది ఆదరమేనని ఒప్పుకోవాలి. దుర్గ పేరు వినిపించగానే కలిగే భక్తి ఆట సాధించినది కాదు. అది మనం ఇంటినుంచి తెచ్చుకొన్నది. ముగింపు మరీ హఠాత్తుగా వస్తుంది. ముఖ, ప్రతిముఖ సంధులు విస్తారంగా నడిచి, గర్భసంధిలో ఆశ చిగురించి, అవమర్శ దగ్గరకు వచ్చేసరికి తెర పడుతుంది. గోలూ కోసం అంతదూరం గెంతుకుంటూ వచ్చిన రాజీకి నిర్వహణసంధిలో చేయడానికి ఆట ఏ పనీ మిగల్చలేదు.